మీ సొంత క్లాస్‌ను ఆటలోకి దించే ముందు: శక్తుల తూకం సరిచూసుకోవడం ఎలా

టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఒక్కో పాత్రకు ఒక క్లాస్ ఉంటుంది, అంటే ఆ పాత్ర వృత్తి, దాంతో వచ్చే శక్తులు. నేను సొంతంగా తయారుచేసిన మొదటి క్లాస్ పేరు గొలుసు యోధుడు. చేతిలో ఇనుప గొలుసు, శత్రువును కట్టిపడేసే విద్య. రెండో లెవెల్‌లో వచ్చే శక్తికి ‘సంకెళ్లు’ అని పేరు పెట్టాను. గొలుసు తగిలితే శత్రువు తన తర్వాతి వంతు కోల్పోతాడు, అంతే. డ్యామేజ్ సున్నా. డ్యామేజే లేనప్పుడు ఇంక ప్రమాదం ఏముంటుంది అనుకున్నాను. మూడు వారాలుగా కథలో ఊరిస్తూ వచ్చిన రాక్షసుడు చివరికి ఎదురుపడ్డాడు. నాలుగు రౌండ్లు, అంటే అందరి వంతులూ నాలుగుసార్లు తిరిగేదాకా, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి, నిలబడినచోటే చచ్చాడు. మిగతా ముగ్గురు ఆటగాళ్లు మొహమాటానికి చప్పట్లు కొట్టారు. గొలుసు యోధుడు ఆడినవాడికి కూడా పెద్దగా సంతోషం కలగలేదు.

నేను కొలవాల్సింది డ్యామేజ్ కాదని ఆ రోజే అర్థమైంది. టేబుల్ దగ్గర అందరికీ సమానంగా దొరికేది ఒక్కటే, వంతు. తన వంతు వచ్చినప్పుడు చేసిన పని ఆటలో ఏదో ఒకటి మార్చిందని ఆటగాడికి అనిపించాలి. లెక్కలన్నీ దానికోసమే. ఈ వరుస మీ క్లాస్‌కూ పనికొస్తుంది. నా ఉదాహరణలు డి20 (ఇరవై ముఖాల పాచిక) ఆటలవి, ముఖ్యంగా 2014 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌కు దగ్గరగా ఉంటాయి. మీరు ఆడేది వేరే ఆటైతే అంకెలు మార్చుకోండి చాలు.

1. ముందు రెండు వాక్యాలు రాయండి

పాచికల జోలికి వెళ్లకముందే కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. ఈ క్లాస్ దేన్ని అందరికన్నా బాగా చేస్తుంది? దేనికోసం పక్కవాడి మీద ఆధారపడుతుంది? మొదటి ప్రశ్నకు జవాబు టకటకా వచ్చేస్తుంది. రెండోదానికి రాకపోతే అక్కడే ఆగండి. ఎవరి సాయమూ అక్కర్లేని క్లాస్‌కు ఎన్ని అంకెలు తగ్గించినా తూకం కుదరదు.

తర్వాత ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ శక్తి ఇప్పటిదాకా ఎవరి పని? 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి వచ్చినప్పుడు మూడే క్లాసులు ఉండేవి: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్ (దైవశక్తి ఉన్న పూజారి). 1975లో వచ్చిన అనుబంధంతో థీఫ్ చేరాడు. తాళం తీయడానికి, చప్పుడు లేకుండా నడవడానికి, నీడలో దాక్కోవడానికి అతనికి నెగ్గే అవకాశం ఎంతో చెప్పే శాతాలు ఇచ్చారు. అంతకుముందు ఎవరైనా “స్తంభం చాటున నక్కుతాను” అంటే కథ నడిపే గేమ్ మాస్టర్ అప్పటికప్పుడు ఏదో ఒకటి తేల్చేవాడు. శాతాలు వచ్చాక ఆ పని థీఫ్ సొత్తు అన్నట్టు తయారైంది. పైగా తొలి లెవెళ్లలో ఆ శాతాలు చాలా తక్కువ. అంటే మిగతావాళ్లకు పని పోయింది, థీఫ్‌కు మాత్రం అది సరిగ్గా దక్కలేదు. ఈ తగవు గురించి పాత ఆటగాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. మీరు ‘గొలుసుతో గోడ ఎక్కగలడు’ అని ఒక శక్తి రాస్తే, గొలుసు లేనివాళ్లు గోడ ఎక్కలేరని మీకు తెలియకుండానే రాసినట్టు అవుతుంది. అందుకే ‘గోడ ఎక్కేటప్పుడు సగం సమయమే పడుతుంది’ లాంటి మాట మేలు. అందరూ చేయగల పనినే మీవాడు మెరుగ్గా చేస్తాడు.

2. ఒక కొలబద్ద కట్టుకోండి

ఇప్పుడు లెక్కలు. భయపడాల్సింది ఏమీ లేదు, కూడికలు, గుణకారాలే. పాచిక సగటు కావాలంటే ముఖాల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేయండి. ఆరు ముఖాల పాచికకు 3.5, ఎనిమిది ముఖాలకు 4.5, పది ముఖాలకు 5.5. దాన్ని దెబ్బ తగిలే అవకాశంతో గుణిస్తే రౌండ్‌కు సగటు డ్యామేజ్ వస్తుంది.

ఐదో లెవెల్ ఫైటర్‌ను కొలబద్దగా తీసుకుందాం. రౌండ్‌కు రెండు దెబ్బలు, ఒక్కోదానికి ఎనిమిది ముఖాల పాచిక, పైన 4. సగటు 8.5. తగిలే అవకాశం 65 శాతం అనుకుంటే రెండు దెబ్బలకు 11.05. డి20 మీద ఇరవై పడితే (దీన్నే క్రిటికల్ అంటారు) డ్యామేజ్ పాచికలు రెట్టింపవుతాయి కాబట్టి దానికి 0.45 కలపండి. మొత్తం 11.5.

పక్కన రోగ్, చాటుమాటు దెబ్బల క్లాస్. ఒకే దెబ్బ, కానీ స్నీక్ అటాక్ (దొంగదెబ్బ)తో కలిపి ఆరు ముఖాల పాచికలు నాలుగు, పైన 4. సగటు 18. అదే 65 శాతంతో, క్రిటికల్ కూడా కలిపితే 12.4. ఫైటర్‌కు దగ్గరగానే ఉంది. లెక్క సరిపోయిందని ఇక్కడే ఆగిపోయేవాళ్లు చాలామంది. నేనూ ఆగిపోయేవాణ్ణే.

ఇంకో అంకె కూడా చూడండి. ఒక రౌండ్‌లో ఏమీ తగలకుండా ఉత్త చేతులతో మిగిలే అవకాశం ఎంత? ఫైటర్‌కు రెండు దెబ్బలూ తప్పాలి, అంటే 12 శాతం పైచిలుకు. రోగ్‌కు 35 శాతం. ఇద్దరి సగటూ ఇంచుమించు ఒకటే, కానీ రోగ్ ఆడేవాడి వంతు దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు వృథా పోతుంది. పది నిమిషాలు ఎదురుచూసి, పాచిక వేసి, “తప్పింది” అనిపించుకోవడం ఎంత చిరాకో రోగ్ ఆడినవాళ్లను అడగండి. అందుకే దాక్కోవడం, తప్పుకుని పారిపోవడం లాంటి చిన్న పనులు రోగ్‌కు అదనంగా ఇస్తారు. దెబ్బ తప్పినా వంతు ఖాళీగా పోదు.

షరతులతో వచ్చే శక్తులకు రెండు లెక్కలు కట్టాలి. అదే రోగ్‌కు అడ్వాంటేజ్ దొరికి, రెండు డి20లు వేసి పెద్దది తీసుకుంటే 65 శాతం కాస్తా 88 శాతానికి చేరుతుంది, సగటు 17.2 అవుతుంది. కాబట్టి అడ్వాంటేజ్ ఎంత తరచుగా దొరుకుతుందో ముందే తేల్చుకోవాలి. ‘శత్రువు నేలమీద నిలబడి ఉంటే అదనపు డ్యామేజ్’ అని రాసి, దాన్ని షరతు అనుకునేవాళ్లను చూశాను. ఎప్పుడూ నెరవేరేది షరతే కాదు.

కొలబద్దకు ఎంత దూరం వరకు పర్వాలేదు? నామటుకు నేను పాతిక శాతం తేడా ఉన్నా పట్టించుకోను. ఒకటిన్నర రెట్లు దాటితే మాత్రం పెన్ను కింద పెట్టి మళ్లీ మొదటినుంచి చూస్తాను.

3. శక్తిని కాదు, రోజంతటినీ లెక్కపెట్టండి

ఫైటర్ బలమైనవాడా, విజార్డ్ బలమైనవాడా అనే వాదన తెగకపోవడానికి కారణం ఇక్కడుంది. ఐదో లెవెల్ విజార్డ్‌కు, అంటే మాంత్రికుడికి, ఫైర్‌బాల్ అనే మంత్రం కథలోని ఒక రోజుకు రెండుసార్లు అనుకుందాం. ఎనిమిది ఆరు ముఖాల పాచికలు, సగటు 28. శత్రువుల్లో సగంమంది సేవింగ్ త్రో (తప్పించుకోవడానికి వేసే పాచిక) నెగ్గి సగం డ్యామేజ్‌తో బయటపడతారు అనుకుంటే ఒక్కొక్కరికి 21. ముగ్గురి మీద పడితే 63.

రోజుకు ఒకే పోరాటం, నాలుగు రౌండ్లు అనుకోండి. విజార్డ్ రెండు ఫైర్‌బాల్స్ వేసి, మిగతా రెండు రౌండ్లు రౌండ్‌కు 7.7 సగటున కాంట్రిప్‌తో (ఎన్నిసార్లైనా వాడుకోగల చిన్న మంత్రంతో) నెట్టుకొస్తాడు. మొత్తం 141. ఫైటర్ 46. పక్కనే నిలబడి కత్తి తిప్పుతున్న ఫైటర్‌కు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అదే రోజులో ఆరు పోరాటాలు ఉంటే మొత్తం ఇరవై నాలుగు రౌండ్లు. విజార్డ్ 295, ఫైటర్ 276. ఒక్క అంకె కూడా మార్చలేదు, రోజు పొడవు మార్చామంతే. (విజార్డ్ దగ్గర చిన్న స్పెల్స్ ఇంకా మిగిలే ఉంటాయి, ఫైటర్‌కు ప్రాణబలాన్ని కొలిచే హిట్ పాయింట్లు ఎక్కువ ఉంటాయి. రెంటినీ పక్కన పెట్టాను.)

ఐదో ఎడిషన్ గేమ్ మాస్టర్ల పుస్తకం 2014లో రోజుకు ఆరు నుంచి ఎనిమిది మామూలు లేదా కష్టమైన పోరాటాలు అన్న అంచనాతో నడిచింది. నేను కూర్చున్న టేబుళ్లలో ఒకటో రెండో పోరాటాలు జరిగేవి. మూడుగంటల సెషన్‌లో అంతకన్నా ఎక్కడ కుదురుతుంది? కాబట్టి మీ క్లాస్‌కు ‘రోజుకు ఒకసారి’ అని రాసేముందు, మీ టేబుల్ దగ్గర రోజు ఎంత పొడవో గత నాలుగైదు సెషన్లు గుర్తుచేసుకుని రాసిపెట్టుకోండి. పొట్టి రోజులైతే రోజువారీ శక్తులు తగ్గించి, పోరాటానికి ఒకసారి వాడుకునేలా మార్చండి.

అందరికీ ఒకే అచ్చు వాడితే పోలేదా అనిపించవచ్చు. 2008 నాటి నాలుగో ఎడిషన్ ఆ దారి పట్టింది. ఫైటర్‌కైనా విజార్డ్‌కైనా ఎప్పుడూ వాడుకునేవి, పోరాటానికి ఒకసారి వాడుకునేవి, రోజుకు ఒకసారి వాడుకునేవి అని శక్తులు మూడు రకాలు. తూకం బాగా కుదిరింది. కానీ ఏ క్లాస్ తీసుకున్నా ఒకేలా అనిపిస్తోందని చాలామంది సణిగారు. నాకు ఆ ఎడిషన్ ఇష్టమే, అయినా ఆ సణుగుడులో నిజం ఉంది.

4. వంతు లాక్కునే శక్తులు, వంతు పెంచే శక్తులు

నా గొలుసు యోధుడి సంగతికొద్దాం. ఒక్కడే రాక్షసుడు, ఎదురుగా నలుగురు ఆటగాళ్లు. గొలుసు యోధుడు నలుగురి వంతుల్లో ఒకటి ఖర్చుపెట్టి శత్రువు వంతు పూర్తిగా తీసేశాడు. పావలా పెట్టి రూపాయి లాక్కున్నట్టు. అదే ఆరుగురు గాబ్లిన్లు (బుల్లి రాక్షసులు) ఎదురైతే పావలా పెట్టి రూపాయిలో ఆరో వంతు తీసుకుంటాడు, అప్పుడు ఆ శక్తి పరమ బోరు. మాట మారలేదు, విలువ మాత్రం శత్రువుల లెక్కను బట్టి ఆరు రెట్లు మారింది. అందుకే స్తంభింపజేయడం, నిద్రపుచ్చడం, భయపెట్టి పరుగెత్తించడం లాంటివాటికి డ్యామేజ్ కొలబద్ద అస్సలు పనిచేయదు. ‘శత్రుపక్షం వంతుల్లో ఎంత భాగం పోయింది’ అన్నదే కొలత.

పెద్ద ఆటలు దీన్ని తలో రకంగా పరిష్కరించుకున్నాయి. ఐదో ఎడిషన్‌లో బలమైన రాక్షసులకు లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటుంది. సేవింగ్ త్రో ఓడిపోయినా నెగ్గినట్టు లెక్క వేసుకోవచ్చు, సాధారణంగా రోజుకు మూడుసార్లు. రాక్షసుడు బతుకుతాడు గానీ ఆటగాడి వంతు బూడిదలో పోసిన పన్నీరు అవుతుంది, అందుకే నాకు ఆ పద్ధతి నచ్చదు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో ప్రతి వంతుకూ మూడు పనులుంటాయి. చాలా శక్తులు వంతు మొత్తాన్ని కాకుండా అందులోంచి ఒక పనినే కోస్తాయి. ఆటగాడు చేసింది ఫలించింది, రాక్షసుడూ బొమ్మలా నిలబడిపోలేదు.

మీరూ ఇదే సూత్రం పట్టుకోండి. వంతు మొత్తం తీసేయకండి, వంతులో ఒక ముక్క తీయండి. నా రెండో ప్రయత్నంలో సంకెళ్లు పడ్డ శత్రువు నడవడమో, దాడి చేయడమో ఒకటే ఎంచుకోవాలి. రాక్షసుడికి ఎంపిక మిగిలింది. ఆ ఎంపిక చుట్టూ మిగతా ముగ్గురూ ఎత్తులు వేయడం మొదలుపెట్టారు: “నువ్వు వెనక్కి జరుగు, వాడు నడిస్తే కొట్టలేడు.”

దీనికి తలకిందులుగా వంతులు పెంచే శక్తులుంటాయి. జంతువులను పిలిపించే స్పెల్స్ వాటిలో ముందువరుస. 2014 నియమాల్లో కంజూర్ యానిమల్స్ స్పెల్‌తో చిన్న జంతువులను ఒకేసారి ఎనిమిదింటిని దించవచ్చు. డ్యామేజ్ సంగతి తర్వాత, ఎనిమిది తోడేళ్లు ఒక్కొక్కటీ నడిచి, పాచిక వేసి, కొరికేసరికి మిగతావాళ్లు టీ తాగొచ్చి మళ్లీ కూర్చుంటారు. ఇక్కడ గడియారమే కొలబద్ద. ఒక ఆటగాడి వంతు మిగతావాళ్ల వంతుకన్నా రెండింతల సేపు పడుతోందంటే అంకెలు సరిగా ఉన్నా తూకం తప్పినట్టే. ఎనిమిదింటి బదులు ఒకే జంతువు, లేదా గుంపంతటికీ ఒకే పాచిక అని రాయండి.

5. చిన్న బోనస్‌లు కుప్పపడకుండా చూడండి

డి20 మీద ప్లస్ 1 అంటే 5 శాతం పాయింట్లు. ఇది అందరికీ తెలుసు. తెలియని సంగతి, ఆ 5 అన్నిచోట్లా ఒకే 5 కాదు. రక్షణలో చూడండి. శత్రువుకు 11 లేదా అంతకన్నా ఎక్కువ పడితే మీకు దెబ్బ తగులుతుంది అనుకుందాం, అంటే 50 శాతం. కవచానికి 5 కలిపితే అది 25 శాతానికి పడిపోతుంది, తినే దెబ్బలు సగమవుతాయి. ఇంకో 4 కలపండి. ఇప్పుడు ఇరవై పడితేనే తగులుతుంది, అంటే 5 శాతం. మొదటి 5తో దెబ్బలు సగమైతే, తర్వాతి 4తో ఐదో వంతుకు పడిపోయాయి. పోగయ్యేకొద్దీ ప్రతి ప్లస్ 1 విలువా పెరుగుతుంది.

కాబట్టి మీ క్లాస్ ఇచ్చే బోనస్‌ను ఒంటరిగా కాకుండా, మీ ఆటలో ఇప్పటికే దొరికే అన్ని బోనస్‌లతో కలిపి చూడండి. చివరి అంకె ఎంతవుతుందో చూసి ‘మరే ఇతర బోనస్‌తోనూ కలవదు’ అన్న వాక్యం చేర్చాలో లేదో తేల్చుకోండి. ఐదో ఎడిషన్‌లో ఒకేసారి ఒకే స్పెల్ మీద కాన్సంట్రేషన్ పెట్టగలరన్న నియమం, అడ్వాంటేజ్ ఎన్ని దారుల్లో వచ్చినా ఒక్కటిగానే లెక్కన్న నియమం ఈ కుప్పను ఆపడానికే పనికొస్తాయి.

6. పోరాటం బయటి శక్తులు

వీటికి అంకెలు లేవు, ఒక ప్రశ్న ఉంది: ఈ శక్తి సమస్యను సులువు చేస్తుందా, మాయం చేస్తుందా? మొదటి లెవెల్‌లోనే ఎగరగలిగితే అగాధం, కోటగోడ, వరద నది అన్నీ ఒకేసారి కథలోంచి తప్పుకుంటాయి. ‘మనుషుల అబద్ధాలు ఎప్పుడూ పసిగడతాడు’ అంటే హత్య వెనకున్న రహస్యం రెండు ప్రశ్నల్లో తేలిపోతుంది.

విచిత్రమేమిటంటే దీనివల్ల నష్టపోయేది ఎక్కువగా ఆ శక్తి ఉన్నవాడే. 2014 రేంజర్‌కు తాను ఎంచుకున్న ప్రాంతంలో తన బృందం మంత్రం వల్ల తప్ప దారి తప్పదన్న శక్తి ఉంది. అడవిలో దారి వెతకడం ఇష్టమనే కదా రేంజర్‌ను తీసుకుంటారు. ఆ క్లాస్ తీసుకోగానే దారి వెతికే పనే ఉండదు. ‘దారి తప్పినప్పుడు రెండు దారులు కనిపెడతాడు, ఒకటి దగ్గరది, ఒకటి సురక్షితమైనది’ అని ఉంటే అతనికి ప్రతి అడవిలోనూ ఒక వంతు దొరికేది.

7. విరగ్గొట్టమని చెప్పి ఆడించండి

మూడు పోరాటాలు చాలు: ఒక పెద్ద శత్రువు, ఓ గుంపు చిన్న శత్రువులు, ఎత్తుపల్లాలూ అడ్డంకులూ ఉన్న చోట రెండురకాల శత్రువులూ కలిసి. మూడోదాన్ని శక్తులన్నీ సగం అయిపోయిన స్థితిలో ఆడించండి. క్లాస్ రాసింది మీరైతే ఆడేది మీరు కాకూడదు. నియమాల్లో సందులు వెతకడం అలవాటున్న మిత్రుడెవరైనా ఉంటే అతని చేతికివ్వండి. అలాంటివాళ్లు మామూలు ఆటలో తలనొప్పి, ఇక్కడ వరం. గేమ్ మాస్టర్‌గా కూడా వేరేవాళ్లుంటే, మీ మనసులో ఉండి కాగితం మీదకు రాని నియమాలు బయటపడతాయి.

మీరు పక్కన కూర్చుని కాగితం మీద రెండే గీతలు లెక్కపెట్టండి. ఎవరి వంతు ఏమీ మార్చకుండా పోయింది? ఎవరి వంతు ఎంతసేపు పట్టింది? ఆట అయ్యాక “బాగుందా?” అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. “ఎవరి వంతు జరుగుతుంటే ఫోన్ తీశావు?” అని అడగండి. “మూడు రౌండ్లూ ఒకే శక్తి వాడావు, రెండోది ఎందుకు వాడలేదు?” అని అడగండి. ఎప్పుడూ వాడే ఒక్క శక్తి, ఎప్పుడూ వాడని నాలుగు శక్తులు బయటపడితే సాధారణంగా ఆ ఒక్కదాన్నే తగ్గించాలి.

8. ఒకసారికి ఒకే మర తిప్పండి

సరిదిద్దడానికి చేతిలో చాలా మరలుంటాయి: ఎన్నిసార్లు, ఎంత దూరం, ఎంతసేపు, ఎంత డ్యామేజ్, ఏ లెవెల్‌లో, ఏ పని ఖర్చు. అన్నీ ఒకేసారి తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. నేను ముందుగా ‘ఎన్నిసార్లు’ అన్నదాన్ని ముట్టుకుంటాను, చివరగా డ్యామేజ్‌ను. ఘనంగా వినిపించే శక్తి అరుదుగా వచ్చినా ఆటగాడికి దాని మీద ఆశ ఉంటుంది. వారం వారం డ్యామేజ్ చిక్కిపోయే శక్తి మీద మనసు విరిగిపోతుంది.

నడుస్తున్న కథ మధ్యలో మార్పు చేయాల్సివస్తే సెషన్ మధ్యలో చేయొద్దు. ఆటయ్యాక ఆ ఆటగాడితో విడిగా మాట్లాడండి, ఏం గమనించారో చెప్పండి, రెండు మార్గాలు ముందుపెట్టి అతన్నే ఎంచుకోనివ్వండి. కావాలంటే మరో శక్తి మార్చుకునే వీలు కూడా ఇవ్వండి. బలహీనంగా ఉన్నవాళ్లను పైకి లేపడం అందరికీ ఇష్టమే, కానీ ప్రతిసారీ అదే చేస్తే నెల తిరిగేసరికి రాక్షసులను కూడా పెంచాల్సివస్తుంది. ఒక్కడే ఎగిరిపడుతుంటే ఆ ఒక్కణ్ణే దించడం నయం.

పాత రూపాలు చెరిపేయకుండా తేదీ వేసి దాచుకోండి. నా దగ్గర సంకెళ్లకు ప్రస్తుతం నడుస్తున్నది ఐదోది: “పోరాటానికి రెండుసార్లు. గొలుసు తగిలిన శత్రువు తన తర్వాతి వంతులో నడవడమో, దాడి చేయడమో ఒకటే చేయగలడు. ఒకసారి విడిపించుకున్నవాడి మీద ఆ పోరాటంలో మళ్లీ పనిచేయదు. గొలుసు బిగించి పట్టుకున్నంతసేపు నువ్వూ కదలలేవు.” చివరి వాక్యం మా రోగ్ ఆడే మిత్రుడు చేర్పించాడు. అది చేరాక, గొలుసు యోధుణ్ణి కాపాడటానికి అతను ముందుకు దూకాల్సివస్తోంది. ఎగిరే శత్రువు మీద ఇంకా ఆడించి చూడలేదు.